తాళాలన్నీ ఒక్క లూపులో

జులై వచ్చిందంటే కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారులకూ టెక్కలి టీచర్లకూ రిటర్నులు వేసిపెట్టేవాళ్ల దగ్గర తాళం పడ్డ పీడీఎఫ్‌లు గుట్టపడతాయి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే వార్షిక సమాచార నివేదిక (ఏఐఎస్) తెరవాలంటే పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ కొట్టాలి. ఒక్కొక్కటీ తెరుస్తూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. పని తెలిసినవాళ్లు టెర్మినల్ తెరుస్తారు. క్యూపీడీఎఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి, జాబితాలోంచి ఫైలు పేరూ దాని పాస్‌వర్డూ జతగా అందించే చిన్న లూపు రాస్తారు. టీ తాగొచ్చేలోపు అన్నీ విప్పుకుంటాయి. జీపీజీ అనే సాఫ్ట్‌వేర్‌తో వేసిన తాళాలైతే లూపు కూడా అక్కర్లేదు, డీక్రిప్ట్-ఫైల్స్ అనే ఆప్షన్ అందులోనే ఉంది.

వేగం సరే, నేను మెచ్చుకునేది ఆ ఒబ్బిడిని. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు గుండు పప్పు విరగనివ్వనట్టే, వీళ్లు అసలు ఫైలును కదపరు. విప్పిన ప్రతులు వేరే ఫోల్డరులోకి పోతాయి. పాస్‌వర్డు కమాండులోనే కొడితే హిస్టరీలో మిగిలిపోతుందని, దాన్ని ఫైల్లోంచి చదివిస్తారు. తెరుచుకోనివాటి పేర్లు విడిగా రాయిస్తారు. అక్కడ పేచీ చాలాసార్లు పుట్టిన తేదీదే. పెద్దవాళ్లకు బడిలో వేసిన తేదీ ఒకటి, ఇంట్లో చెప్పుకునేది మరొకటి కదా!

రిటర్ను వేయించుకున్నాక, విప్పిన ప్రతులు చెరిపేశారా అని మీరూ ఒక మాట అడగండి.