అంబలి సరే, ఆకు ఏదీ?

తార్నాక చౌరస్తాకు కాస్త ఇవతల సందు మొగలో కొత్తగా ఒక ఆరోగ్యాహార దుకాణం వెలిసింది. ఏసీ గది, చెక్క అరలు, లోపల సన్నగా వేణునాదం. అద్దాల ఫ్రిజ్‌లో గాజు సీసాలు వరసగా నిలబెట్టారు. వాటిలో ఉన్నది రాగి అంబలి. 200 మిల్లీలీటర్లు, 120 రూపాయలు. సీసా మెడకు జనపనార తాడు, తాడుకు ఓ అట్టముక్క, దాని మీద ‘మన పూర్వీకుల సహజాహారం’ అని ముత్యాల్లాంటి అక్షరాలు.

పూర్వీకులు అనే మాట వినగానే నాకు ఒళ్లు మండుతుందని ఈ కాలమ్ వరసగా చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పూర్వీకుల పేరు చెప్పి ఏదైనా అమ్మవచ్చు. వాళ్లొచ్చి కాదనరు కదా.

అసలు ఈ పాతికేళ్లలో మన వంటిళ్లు ఎన్నిసార్లు పార్టీ మారాయో చూడండి. మంతెన సత్యనారాయణరాజు గారు చెప్పగానే ఉప్పు, నూనె అటకెక్కాయి. వీరమాచనేని రామకృష్ణ గారు వచ్చాక నూనె దిగొచ్చింది, అన్నం అటకెక్కింది. ఖాదర్ వలీ గారి ప్రసంగాలతో అన్నం చోట్లో కొర్రలు, అండుకొర్రలు, అరికెలు కొలువుదీరాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అనేసరికి ఇక సర్కారు ముద్ర కూడా పడింది. మా ఆవిడ మూడు ఉద్యమాల్లోనూ చురుగ్గా పాల్గొంది. నేను మూడింట్లోనూ కార్యకర్తనే, అడిగి చేర్చుకోలేదు గానీ.

ఇదంతా జరుగుతున్నంత సేపూ జాతీయ పోషకాహార సంస్థ మనకు కూతవేటు దూరంలోనే ఉంది. పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీలో వాకింగ్‌కు పోతూ జామై ఉస్మానియాలో దాని గోడ వెంబడే నడుస్తాం. ఇంటికొచ్చి ఏం తినాలో యూట్యూబ్‌ను అడుగుతాం. ఇది నా పాత గోలే, ఇంతటితో వదిలేస్తాను.

ఈ వారం రాయాలనుకున్నది చాలా తేలిక. సీసా కొనకండి, ఇంట్లో కాచుకోండి, అంతే. రాత్రి రెండు చెంచాల తైదపిండి, అంటే రాగిపిండి, నీళ్లలో కలిపి మూత పెడితే ఈ ఎండలకు తెల్లారేసరికి కాస్త పులుస్తుంది. మరిగే నీళ్లలో పోసి ఉండ కట్టకుండా గరిటె తిప్పుతూ ఉండాలి. పిండి పచ్చి వాసన పోయి, గరిటె వెనక జారే చిక్కదనం వచ్చాక దించాలి. పూర్తిగా చల్లారాకే చల్ల పోయాలి. వేడి మీద పోస్తే విరుగుతుంది. ఉప్పు, చితక్కొట్టిన జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, నచ్చితే రెండు కరివేపాకు రెబ్బలు. మట్టి ముంతలో పోసి మూతికి తడిగుడ్డ చుడితే ఫ్రిజ్ అక్కర్లేదు. గ్లాసుకు పది రూపాయలు కూడా పడదు.

సీసా మీద కాల్షియం సంగతి కూడా రాశారు. రాగుల్లో కాల్షియం నిజంగానే ఎక్కువ, 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైమాటే. కానీ పల్చటి అంబలి గ్లాసులో ఉండే పిండి మహా అయితే 20 గ్రాములు. అంటే 70 మిల్లీగ్రాములు. అదే గ్లాసుడు ఆవుపాలల్లో అంతకు మూడింతల పైనే ఉంటుంది. ఇలా లెక్క కట్టి, సీసావాడిని కడిగేసి, ఇంట్లో కాచుకునే అంబలికి జై కొట్టి కాలమ్ ముగించేవాణ్నే.

మధ్యలో అవ్వ గుర్తొచ్చింది.

నేను ఓయూలో ఎం.ఏ. చదివే రోజుల్లో మా హాస్టల్ వెనక ఏదో కట్టడం నడుస్తుండేది. పాలమూరు కూలీలు పనిచేసేవాళ్లు. ఎండాకాలం సెలవుల్లో మెస్సు మూసేస్తే ఊళ్లకు పోకుండా మిగిలినవాళ్లం స్టవ్వు మీద అన్నం వండుకుని పచ్చిపులుసుతో గడిపేవాళ్లం. పచ్చిపులుసుకు పొయ్యి పెద్దగా అక్కర్లేదు, అందుకే అది బ్రహ్మచారుల పాలిటి కల్పవృక్షం. కొత్త చింతపండు నానేసి పిసికి, నాలుగు పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, ఉల్లిగడ్డ ముక్కలు, ఉప్పు, కాల్చిన మిరపకాయలు చేత్తోనే గట్టిగా నలపాలి. ఉల్లిగడ్డ నీరు విడిచిందాకా నలపాలి, అక్కడే ఉంది రుచంతా. ఆ తర్వాత పులుసు పోసి, వేయించి దంచిన నువ్వులపొడి కలిపితే అయిపోయింది. పోపు పెట్టేవాళ్లు పెట్టుకోవచ్చు. నాకు పెట్టని పచ్చిపులుసే ఇష్టమని లోగడ రాస్తే కోస్తా పాఠకులు కొందరు కోప్పడ్డారు. వాళ్ల చారు వాళ్లకు, మా పులుసు మాకు.

ఆ కూలీల్లో ఒకరైన అవ్వ మధ్యాహ్నం చింతచెట్టు కింద మూట విప్పేది. జొన్న గట్క, దాని మీద ఇంత కారం, ఒక ఉల్లిగడ్డ. ఎప్పుడు చూసినా అదే. మా పులుసు ఒక గిన్నెలో పోసి ఇస్తే గట్కలో కలుపుకుని ఇష్టంగా తినేది. ఆమె మెడ చుట్టూ దండ వేసినట్టుగా చర్మం నల్లబడి ఉండేది. మోచేతుల కింద, పాదాల మీద కాలి పొట్టు లేచినట్టుండేది. రవిక కప్పిన చోట మాత్రం చర్మం మామూలుగానే ఉండేది.

“ఎండకు కాలిందా అవ్వా?” అని అడిగాను ఒకరోజు.

“ఎండ అందరికి గొడ్తది గద బిడ్డా. నాకే గిట్లెందుకైతదో ఎర్కలేదు. కడుపు గూడ ఆగది” అంది.

చాలా ఏళ్ల తర్వాత పోషకాహార సంస్థ చరిత్ర చదువుతుంటే ఆ మెడ దండ మళ్లీ కనబడింది. దాని పేరు పెలగ్రా. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలవుతాయి, ముదిరితే మతి చలిస్తుంది. నయాసిన్ అనే బి విటమిన్ ఒంట్లో చాలకపోతే వచ్చే జబ్బు ఇది. అవ్వకు ఉన్నది అదేనని ప్రమాణం చేయడానికి నేను డాక్టర్ను కాను. పుస్తకంలో రాసిన రోగి వివరాలు మాత్రం ఒకటొకటీ ఆమెకు సరిపోయాయి: దక్కన్ పీఠభూమి, నిరుపేద, ముఖ్యాహారం జొన్న.

ఆ సంస్థ పుట్టుకే చిత్రం. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే దొర బెరిబెరి మీద పరిశోధనకు పెట్టిన చిన్న విభాగం అది. బెరిబెరి తెల్లబియ్యం జబ్బు. పైన తవుడంతా పోయేలా మరపట్టించిన బియ్యాన్నే నమ్ముకుని బతికేవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు నీరుపట్టి, గుండె అలిసిపోయేది. ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు మారింది. బియ్యం జబ్బు వెతుకుతూ మొదలైనది ఇక్కడికొచ్చి జొన్నతో ముడిపడ్డ జబ్బును ఎదుర్కొంది. 1960లో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య ‘లాన్సెట్’ పత్రికలో ఒక వాదం ముందుకు తెచ్చారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉంటుంది, దానివల్లే ఒంట్లో నయాసిన్ లెక్క తప్పుతోందని. ఆ వాదం మీద శాస్త్రవేత్తలు తర్వాత చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. జబ్బు ఎవరికి వస్తోందన్న దాంట్లో మాత్రం తర్జనభర్జన లేదు. జొన్న తప్ప ఇంకోటి కొనుక్కోలేని కూలీలకు వస్తోంది. అదే జొన్నరొట్టె పప్పుతో, పాలతో, మాంసంతో తినే పెద్దరైతుకు ఏమీ కాలేదు. కూలీల కంచంలోకి బియ్యమూ మిగతావీ కలిసేకొద్దీ జబ్బు వెనకపట్టు పట్టింది.

ఇక నా కాలమ్ సంగతి చూడండి. అవ్వ తిన్నది నూటికి నూరుపాళ్లు సహజాహారం. ఊళ్లో పండింది. చిరుధాన్యం. గ్లూటెన్ లేదు, మైదా లేదు, పంచదార లేదు, ప్యాకెట్ లేదు. సీసావాడు అట్టముక్క మీద రాసుకునే గుణాలన్నీ ఆ గట్కలో ఉన్నాయి. పూర్వీకుల ఆహారం కావాలంటే అదిగో, సాక్షాత్తూ అదే. అలాంటప్పుడు ‘ఇంట్లో కాచుకోండి’ అని నేనూ, ‘కొనుక్కోండి’ అని వాడూ పోట్లాడుకుంటే ఒరిగేదేముంది? ఇద్దరం ఒకే గింజకు హారతి పడుతున్నాం. అవ్వ గట్క పక్కన పప్పు లేదు, చల్ల లేదు, చారెడు ఆకుకూర లేదు. అసలు కథ అక్కడుంది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో పి.వి.సతీశ్ గారు మొదలుపెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మహిళల చేలను చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ జొన్న ఒంటరిగా ఉండదు. దాని పక్కన కంది, పెసర, అలసంద, నువ్వు, పుంటికూర ఉంటాయి. విత్తనం వేయకుండా చేలో దానంతటదే మొలిచే ఆకుకూరల పేర్లు ఆ అక్కలు చెబుతుంటే రాసుకోవడం మనకు కష్టం. మనం పట్నానికి జొన్నను తెచ్చుకున్నాం, దాని చుట్టాలను ఊళ్లోనే వదిలేశాం.

2024లో మన తార్నాక పోషకాహార సంస్థ కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు కావాల్సిన మనిషి కంచంలో ఏముండాలో చెప్పింది. అన్ని ధాన్యాలూ కలిపి 250 గ్రాములు. పప్పులు 85 గ్రాములు. ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు. పండ్లు 100, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, ఇంకా గింజలూ నూనే కాస్త కాస్త. బియ్యమా కొర్రలా అని మన ఇళ్లు రెండుగా చీలేది ఆ 250 గ్రాముల దగ్గర. 400 గ్రాముల గురించి ఏ గురువూ గొంతు చించుకోడు, ఏ కోడలూ అత్తతో వాదించదు. ఈ వేసవిలో మీ ఇంట్లో నలుగురు ఉంటే రోజుకు కిలోన్నర కూరగాయలు తెగాలి. తెగుతున్నాయా? ఆలుగడ్డ వేపుడుతో సరిపెట్టే ఇళ్లను నేను ఎరుగుదును. వేపుడు పక్కన అండుకొర్రల అన్నం ఉన్న ఇళ్లనూ ఎరుగుదును.

ఆకుకూర అనగానే ముఖం చిట్లించేవాళ్లకు ఇంకో మాట. పసిపిల్లల చూపు పోకుండా ఆరు నెలలకోసారి పోసే విటమిన్ ఎ చుక్కల మందు గుర్తుందా? 1970లో మొదలైన ఆ కార్యక్రమానికి పునాది పోషకాహార సంస్థ పరిశోధనే. ఆ విటమిన్‌కు ముడిసరుకైన కెరోటిన్ తోటకూరలో, మునగాకులో కావలసినంత ఉంది. ఇనుమూ ఉంది, కాకపోతే ఆకులోని ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. కంచంలో నిమ్మకాయ పిండితే పడుతుంది, తిన్న వెంటనే ఇరానీ చాయ్ తాగితే పోతుంది. తార్నాకవాళ్లు రెండో భాగం ముఖ్యంగా గమనించాలి.

ఇక మిద్దెతోట. ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే చేరతానని మీకు తెలుసు. విశ్రాంత శాస్త్రవేత్త ఒకాయన కిందటి నెల ఉత్తరం రాశారు: “మీ తోట లెక్క కిట్టదు మాస్టారూ. కుండీ, మట్టి, నీళ్లు, ఎరువు కలిపితే కట్ట తోటకూర మీకు యాభై రూపాయలు పడుతుంది.” నిజమే. ట్యాంకర్ల కోసం కాలనీలు కాచుకునే మే నెలలో ఇంకా ఎక్కువే పడుతుంది. నారపల్లిలో మిద్దె మీదే పెద్ద తోట పెంచి, దాని మీద పుస్తకం కూడా రాసిన కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారిలా ఇంటికంతా కూరగాయలు పండించే ఓపిక అందరికీ ఉండదు. నాకు లేదు. మా మిద్దె ఇచ్చేది మా ఇద్దరికీ సరిపోదు. లాలాపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆకుకూరల అవ్వే ఇప్పటికీ మా ఇంటి అసలు రైతు.

అయినా తోట ఎందుకంటే, కొన్న ఆకుకూరను ఫ్రిజ్‌లో మరిచిపోవచ్చు, కుండీలో ఉన్నది మరవనివ్వదు. రెండు రోజులు కోయకపోతే ముదిరి పూతకొస్తుంది. కోశాక వండక తప్పదు. మా ఇంట్లో పప్పులో ఆకు పడే రోజులు పెరిగింది గురువుల వల్ల కాదు, ఆ పూత భయం వల్ల. ఈ ఎండల్లో టమాటాల జోలికి పోకండి, పూత రాలిపోతుంది. గంగవాయిలి కూరకు మాత్రం ఎండంటే లెక్కలేదు. దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది, బియ్యం కడిగిన నీళ్లు సాయంత్రం ఇంత పోస్తే గుబురు కడుతుంది. పెసరపప్పులో వేసి, దించాక నిమ్మకాయ పిండితే ఆ పులుపుకు వేరే చింతపండు అక్కర్లేదు. పప్పు పల్చగా ఉండాలి, ఎండాకాలం చిక్కటి పప్పు బరువు. పక్కన దోసకాయ ముక్కలు, చివర చల్ల. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగి తినండి, ఆ ఆకులో ఆక్సలేట్లు ఎక్కువ.

సీసావాడి మీద నాకిప్పుడు కోపం లేదు. 120 రూపాయలు పెట్టగలిగినవాళ్లు కూల్‌డ్రింక్ బదులు అంబలి తాగితే మంచిదే, తాగనివ్వండి. వాడి దుకాణంలో తాజా ఆకుకూర ఒక్క కట్ట కూడా లేదన్నదే నా ఫిర్యాదు. మొన్న వెళ్లి చెప్పాను. “వాడిపోతాయి సార్, నష్టం” అన్నాడు. వ్యాపారిగా వాడి మాట సబబే. కాబట్టి ఆ పని మనదే. తోటకూర గింజ చల్లిన పాతిక, ముప్ఫై రోజులకు కోతకొస్తుంది. గంగవాయిలికి గింజ కూడా అక్కర్లేదు. గంప అవ్వ దగ్గర కొన్న కట్టలోంచి నాలుగు కాడలు తీసి తడిమట్టిలో గుచ్చండి, నాటుకుంటాయి.