ఏ రౌండ్ ఆధిక్యం?

ఓట్ల లెక్కింపు రోజు ఉదయం ఎనిమిదిన్నర దాటగానే డెస్కు నుంచి ఫోన్లు మొదలవుతాయి. అందరూ అడిగేది ఒకటే, లీడ్ ఎవరిదని. కౌంటింగ్ కేంద్రానికి కొత్తగా వెళ్తున్న రిపోర్టర్లకు నేను చెప్పేదీ ఒకటే. ముందు రౌండ్ నంబరు చెప్పండి, తర్వాతే ఆధిక్యం. ఏ రౌండో తెలియని ఆధిక్యం సగం వార్త కూడా కాదు.

మామూలుగా ఒక నియోజకవర్గానికి 14 టేబుళ్లు వేస్తారు. 1 నుంచి 14 దాకా పోలింగ్ కేంద్రాలు తొలి రౌండ్, 15 నుంచి 28 దాకా రెండోది. బూత్‌ల నంబర్లు ఊళ్ల వరుసన నడుస్తాయి కాబట్టి రౌండ్లు కూడా ఒక మండలం ముగించి ఇంకో మండలంలోకి వెళ్తాయి. ముందురోజే బూత్‌ల జాబితా ముందేసుకుని ఏ రౌండ్‌లో ఏ ఊళ్లు తెరుస్తారో గుర్తు పెట్టుకోవాలి. సొంత మండలంలో మూడు వేలు రావాల్సిన అభ్యర్థికి ఆరు వందలే వచ్చాయంటే, తెర మీద ఆయన ముందున్నట్టే కనిపించినా అసలు కబురు వేరు.

2023 డిసెంబరు 3న కామారెడ్డిలో ఉదయం రౌండ్లలో రేవంత్ రెడ్డి ముందంజ అని రాష్ట్రమంతా మోగింది. చివరికి ఆయనా ఓడారు, కేసీఆరూ ఓడారు. 6,741 ఓట్ల మెజారిటీతో బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచారు. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు, బొండా ఉమామహేశ్వరరావు మీద గెలిచింది కేవలం 25 ఓట్లతో. అలాంటి చోట చివరి రౌండ్ ముగియకుండా ఎవరు గెలుస్తారని రాసినా అది ఊహే.

అయితే ఊళ్ల వారీగా లెక్క తెలియడంలోనే నన్ను ఏళ్లుగా బాధిస్తున్న సంగతి ఉంది. బ్యాలెట్ పేపర్ల రోజుల్లో వేర్వేరు బూత్‌ల ఓట్లను కలగలిపి లెక్కపెట్టే ఏర్పాటు ఉండేది. ఈవీఎం వచ్చాక ఏ బూత్ లెక్క ఆ బూత్‌దే. లెక్కింపులో తయారయ్యే ఫారం 20లో ప్రతి బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో ఉంటుంది. మనిషి ఓటు రహస్యంగానే ఉంటుంది, ఊరి ఓటు మాత్రం బట్టబయలు. ఒక్క బూతే ఉన్న చిన్న తండాకు ఇది మామూలు విషయం కాదు. రోడ్డు, బోరు, ఇళ్ల స్థలాలు, అన్నిటికీ గెలిచిన నాయకుడి దగ్గరకే పోవాలి. పలు యంత్రాల ఓట్లను కలిపి మొత్తం మాత్రమే చూపించే టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సమర్థించింది. కేంద్రం ఒప్పుకోలేదు. ఒప్పుకోవాల్సిందని నా గట్టి అభిప్రాయం.

అది వచ్చేదాకా మా చేతిలో ఉన్నది మా కలమే. అభ్యర్థి సొంతూళ్లోనే వెనకబడ్డాడన్న శీర్షికకు పాఠకులు ఎగబడతారు, నిజమే. కానీ మర్నాడు ఆ ఊరివాళ్లు ఆయన ఇంటి ముందు నుంచే పొలానికి పోవాలి. పార్టీల ఏజెంట్ల దగ్గర ఈ లెక్కలు ఎలాగూ ఉంటాయిగా అని కుర్ర రిపోర్టర్లు వాదిస్తారు. ఉంటాయి. వాటిని పత్రికలో ఊరి పేరుతో అచ్చేసి ఊరూరా పంచడం వేరు. అందుకే నా విశ్లేషణ మండలం దగ్గర ఆగుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం బూత్ నంబరుతో సహా రాయాల్సిందే. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి ఫారం 17సీలో రాసిచ్చిన ఓట్ల సంఖ్యకూ, టేబుల్ మీద లెక్కించిన సంఖ్యకూ తేడా వచ్చినప్పుడు. అక్కడ జవాబు చెప్పాల్సింది అధికారులు. 17సీ నకలు పోలింగ్ ఏజెంట్లకు ఇస్తారు, కాబట్టి రిపోర్టర్ పోలింగ్ రోజు సాయంత్రమే వాళ్లను కలిసి ఆ అంకెలు రాసిపెట్టుకోవాలి.