కథా, రిజిస్టరా?

మా దగ్గరికి కథలు తెచ్చి చూపించే పిల్లల్లో చాలామంది ఒకే కథ తెస్తారు. ఊరి బయట గుడిసె, ఆకలి, ఊళ్లో దొంగతనం, పోలీసులు, దెబ్బలు, చివర ఏడుపు. అందులో అబద్ధమేమీ లేదు. మన ఇళ్లల్లో జరిగిందే. అయినా చదివి పక్కన పెట్టినాక ఆ గుడిసెలో ఉండేది ఎవరో గుర్తుకు రాదు.

ఎందుకని? 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. అదే ఏడు చిత్తూరు జిల్లా ఏర్పడింది. చట్టం కిందికి వచ్చిన మన తాతల పేర్లు రిజిస్టరులో ఎక్కాయి, వేలిముద్రలు పడ్డాయి. 1952లో చట్టం పోయింది. రిజిస్టరుకు మనిషి అంటే పేరు, జాతి, నేరం. కథలోనూ ఆ మూడే ఉంటే మనం రాసింది మళ్లీ రిజిస్టరే. కాకుంటే జాలితో రాసింది.

చిత్తూరు జిల్లా తలపులపల్లెలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' నవల చూడండి. పందులు మేపే ఒక ముసలివాడు, ఈనబోయే పంది తప్పిపోతే వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. ఒక్క రాత్రి కథ. పేదరికం గురించి ఉపన్యాసం లేదు. పందిని ఎట్లా వెతకాలి, నక్కల నుంచి పిల్లల్ని ఎట్లా కాయాలి, ఇదే ఆ మనిషికి తెలిసిన విద్య. ఆ విద్య చూసినాక అతని మీద జాలి పడం, గౌరవం కలుగుతుంది. మొదటి పాఠం ఇది: మీ పాత్రకు ఏ పని చేతనవునో అది రాయండి. గంపకు అడుగు ఎట్లా వేస్తారో మీ అవ్వ పక్కన కూర్చుని చూసి రాయండి.

రెండోది మాట. నామిని 'పచ్చనాకు సాక్షిగా'లో సంభాషణ ఒక్కటే కాదు, కథ మొత్తం మన జిల్లా మాటలోనే నడిచింది. దానికి ధైర్యం కావాలి. మనకు ఇంకొక మెట్టు ఉంది. ఎరుకల ఇంట్లో మాట తెలుగు కాదు, తమిళానికి దగ్గరి మాట. లిపి లేదు. తెలుగు అక్షరాల్లోనే రాయండి. పక్కన అర్థం పెట్టొద్దు. అమ్మ ఆ మాట అని చెయ్యి చాపితే, బిడ్డ చేట అందిస్తే, అర్థం చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

మూడోది మనవాళ్ల తప్పులు. సారా, పెండ్లాన్ని కొట్టడం, కులపెద్దల జరిమానాలు. వీటిని దాచితే పరువు నిలబడదు, కథ పడిపోతుంది. బయటివాళ్లు రాస్తే నింద అయ్యేది, మనం రాస్తే లెక్క అప్పజెప్పడం అవుతుంది. పలమనేరు బాలాజీ 'ఏకలవ్య కాలనీ' కథలు మన పిల్లలు తప్పక చదవాలి. మన బతుకును మనవాళ్లే రాసుకోవడం మొదలైందని తెలుస్తుంది.

అయ్యవార్లకు ఒక మనవి. బిడ్డ రాసిన ఇంటి మాట కింద ఎర్రగీత గీయకండి. పరీక్ష పేపరు వేరు, కథ వేరు అని చెప్పండి చాలు.

ఇక అచ్చు సంగతి. కథ పంపే ముందు ఇంట్లో గట్టిగా చదివి వినిపించండి. అమ్మ ఎక్కడ "అట్ల కాదురా" అంటుందో అక్కడ దిద్దండి. నకలు దగ్గర పెట్టుకోండి. ఒకే కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపొద్దు. తిరిగొస్తే నెలరోజులు పక్కన పెట్టి మళ్లీ చదవండి. పది కథలు అచ్చు కాకముందే అప్పు చేసి పుస్తకం వేయకండి. ఆ కట్టలు మంచం కింద చెదలకు పోవడం మేము చూసినాము. హక్కులన్నీ మావే అని ఎవరన్నా కాగితం చూపిస్తే, చదివించుకోకుండా సంతకం పెట్టకండి. తెలియని కాగితం మీద వేలిముద్ర వేసిన బాధ మన తాతలతోనే పోవాలి.