సన్నాయి పీక

హుజూర్‌నగరపు పెండ్లిపందిళ్లలో, సుముహూర్తమునకు పూర్వము సన్నాయి విద్వాంసుడు ఒక వార కూర్చుండి, వాద్యమునకు దారముతో వ్రేలాడు పీకలలో నొకదానిని నోట నాన్చి, పెదవులతో నొక్కి చూచి, తృప్తి చెందక మరియొకదానిని గైకొనుట నేను పలుమార్లు చూచి మురిసితిని. పాశ్చాత్యుల ట్రాంబోనునకైతే ఇట్టి పీకకు బదులు గిన్నెవంటి లోహపు మౌత్‌పీసు గలదు. అది నూరేండ్లనాటిదైనను చక్కగా పలుకును గనుక, అట్టివానిని సేకరించి వాయించి ఆనందించువారు లోకమున గలరు.

మన పీక యట్లు చిరకాలము దాచుకొనదగినది కాదు. కావేరీతీరమున పెరుగు కొరుక్కై యను రెల్లుజాతి గడ్డిని కోసి, చిరకాల మెండనిచ్చి, వడ్లతో నుడికించి, అణచి, దారము బిగించి తంజావూరు సీమలోని తిరువావడుదురై పనివారు దీనిని చేయుదురు. తమిళులు దీనినే సీవాళి యందురు. తడి హెచ్చిన మొద్దుబారును, తగ్గిన కీచుమనును. ఆ రెంటి నడిమి స్వల్పావకాశమును పెదవి కనుగొనుటయే నా దృష్టిలో సన్నాయివారి విద్యలోకెల్ల సూక్ష్మమైన భాగము. కరవదిలో జనించి శ్రీరంగమున స్థిరపడి, 1998లో సంగీతకళానిధి బిరుదమందిన సన్నాయి విద్వాంసుడు షేక్ చినమౌలానా గారి గంభీరమైన రాగాలాపన యంతయు నిట్టి గడ్డిపోచ మీదనే నిలిచినది.

కావున చదువరులారా, సన్నాయివారు పీక సవరించుకొనునపుడు వారిని తొందరపెట్టకుడు. ఒక్క నిమిషము దగ్గర నిలిచి వినుడు.