బూర ఊదేవారి విద్య

పెళ్లి బరాత్‌లో బ్యాండు మేళం ముందు నడిచే ట్రంపెట్ కళాకారుడి పెదవులను ఎప్పుడైనా గమనించారా? ఆయన బూరకు ఉన్నవి మూడే మీటలు. ఎలా నొక్కినా ఎనిమిది కలయికలకు మించి రావు. మిగతా స్వరాలన్నీ పెదవులు బిగించి, సడలించి పుట్టించాల్సిందే. నడుస్తూ, జనం తోసుకుంటుండగా, సినిమా పాటలో ఒక్క గమకం చెడకుండా గంటల తరబడి ఊదడం ఎంత గొప్ప విద్య!

బ్యూగిల్‌కు ఆ మీటలూ ఉండవు. అంతా పెదవుల పనే. లాటిన్‌లో కోడెదూడ అనే మాటే దాని పేరుకు మూలం. మొదట అది పశువు కొమ్మే. హిందీవాళ్లు బిగుల్ అన్నారు. మన జాతరల్లో మోగేదాన్ని మనం కొమ్ము అనే అంటున్నాం.

బ్యాండు వాయిద్యాల తయారీకి మీరట్‌లోని జలీ కోఠీ పేరుపొందింది. అక్కడ ఇత్తడి రేకును చుట్టి, అతికి, సుత్తితో సాగగొట్టి ఉమ్మెత్త పువ్వులా విచ్చుకునే నోరు తెస్తారు.

పెళ్లి ఖర్చు తగ్గించుకోవాలంటే మండపం అలంకరణలో తగ్గించుకోండి. బ్యాండువాళ్ల దగ్గర మాత్రం బేరమాడకండి.