చక్రం పక్కన నడిచినవాడు

ఆదివారం ముందు చక్రాలకు కొత్త బ్రేక్ ప్యాడ్లు వేశాడు కాలమిస్టు. సోమవారం పొద్దున మద్దిలపాలెం కూడలిలో కారు ఆపబోతుంటే ఎడమ చక్రం నుంచి 'జర్రు... జర్రు' మని వినిపించింది. ముందురోజు సాయంత్రం గోళ్ల సందుల్లోని గ్రీజు కడుక్కుంటూ పొందిన సంతోషమంతా ఆ చప్పుడుతో ఎగిరిపోయింది.

పంపు వాషర్లు, మిక్సీ కార్బన్ బ్రష్షులు, కుట్టుమిషను బెల్టు ఈ శీర్షికలోకి ఎన్నిసార్లు వచ్చాయో పాత పాఠకులకు తెలుసు. ఇంట్లో వస్తువును తన చేత్తో విప్పి బిగించుకున్నవాడికే దాని గుట్టు తెలుస్తుందని, అదీ పక్కన సలహాలిచ్చేవాళ్లు లేకుండా ఒక్కడే కూర్చుని చేయాలని ఇక్కడ ఎన్నో వారాలు వాదన నడిచింది.

బ్రేకు ఎలా అరుస్తోందన్న దానికంటే ఎప్పుడు అరుస్తోందన్నదే ముఖ్యం. పొద్దున్నే నాలుగైదుసార్లు నొక్కేదాకా గరగరలాడి ఆగిపోతే అది తుప్పు. విశాఖ సముద్రపు గాలికి పోత ఇనుప డిస్కు మీద రాత్రికి రాత్రే ఎర్రటి పొర కడుతుంది, దాన్ని ప్యాడ్లే గీకేస్తాయి. నొక్కగానే ఒక్కసారి 'టక్' మంటే ప్యాడు తన గూట్లో వదులుగా జరుగుతోందన్నమాట, క్లిప్పు పెట్టడం మరిచిపోయి ఉండొచ్చు. ఆ టక్కు పదేపదే వస్తుంటే, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ బోల్టులు చూడకుండా బండి తీయకూడదు. కొన్ని ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక ఉంటుంది. ప్యాడు 2, 3 మిల్లీమీటర్లకు అరిగాక అది డిస్కును తాకి కీచుమంటుంది. బిగించేటప్పుడు ఆ నాలుక వంగితే కొత్త ప్యాడ్లతోనే అరుపు మొదలవుతుంది.

కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయడం ఇంకో పని. ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించి, తర్వాత బ్రేకు ముట్టకుండా కాసేపు నడిపి చల్లారనివ్వాలి. కాలమిస్టు ఆ పని చేయలేదు. చప్పుడు అందుకేనని, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుందని నమ్మాడు.

కీచుమనే బ్రేకు, వయొలిన్ ఒకే సూత్రం మీద మోగుతాయి. రోజిన్ రాసిన కమాను తీగను పట్టి లాగుతుంది. ఇక ఆగలేనంత సాగాక తీగ జారిపోతుంది, మళ్లీ కమానుకు చిక్కుతుంది. సెకనుకు కొన్ని వందలసార్లు ఇలా జరిగితే మనకు స్వరం వినిపిస్తుంది. ప్యాడు, డిస్కు కూడా ఇలాగే పట్టుకుని, జారి, వేలసార్లు కంపిస్తాయి. 1902లో డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్న ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్‌నూ ఈ అరుపే వేధించింది. ఆయన వాడిన రాగి ప్యాడ్లు డిస్కు మీద భరించలేనంతగా కీచుమనేవి. ఇప్పుడు ప్యాడు వీపుకు ఉండే పలుచని షిమ్ రేకు, అక్కడ పలుచగా రాసే బ్రేకు గ్రీజు ఆ కంపనాన్ని అణచడానికే. అదే గ్రీజు రాపిడి ముఖానికి అంటితే మాత్రం బ్రేకు పట్టదు.

వయొలిన్ అంటే కాలమిస్టుకు విజయనగరం గుర్తొస్తుంది. ద్వారం వెంకటస్వామినాయుడు పాఠం చెప్పిన ఊరు అది. 1936లో అక్కడి మహారాజా సంగీత కళాశాలకు ప్రిన్సిపల్ అయిన ఆ మహావిద్వాంసుడికి చూపు సరిగా ఆనేది కాదు. ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, అదే ఊళ్లో ఒక పెంకుటింటి వరండాలో కాలమిస్టు రెండేళ్లు వయొలిన్ నేర్చుకున్నాడు. గురువుగారు ఒకణ్ణి వాయించమని, ఇంకొకణ్ణి పెరటి గుమ్మం దగ్గర కూర్చోబెట్టేవారు. "వాద్యం నీ గెడ్డం కిందే ఉందిరా. కమాను గీత నీకే ఎక్కువ వినపడుతుంది. స్వరం ఎలా ఉందో వాణ్ణి అడుగు" అనేవారు. దూరాన కూర్చున్నవాడు వేలెత్తి చూపిన తప్పు చాలాసార్లు వాయించినవాడి అంచనాలోనే ఉండేది కాదు.

బుధవారం సాయంత్రం ఆ పెరటి గుమ్మం గుర్తొచ్చింది. కాలనీ సందులో కారును నడక వేగంతో పోనిస్తూ, కొడుకును ఎడమ చక్రం పక్కన నడవమన్నాడు కాలమిస్టు. ఇరవై గజాలు పోయేసరికే కుర్రాడు చెయ్యి ఊపి ఆపాడు. "నాన్నా, నువ్వు బ్రేకు నొక్కినా నొక్కకపోయినా వస్తోంది. చక్రం చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి."

లోపల కూర్చున్నవాడికి అది ఎందుకు తెలియలేదో అప్పుడు అర్థమైంది. బ్రేకు వేయబోతూ యాక్సిలరేటర్ వదిలితే ఇంజను హోరు తగ్గుతుంది. అప్పటిదాకా ఆ హోరులో కలిసిపోయిన రాపిడి అప్పుడే పైకి తేలుతుంది. చప్పుడు బ్రేకుదని డ్రైవరు అనుకుంటాడు.

జాకీ పెట్టి, స్టాండు మీద నిలిపి చక్రం తీశారు. డిస్కు వెనకుండే డస్ట్ షీల్డ్ రేకు ఒకచోట లోపలికి వంగి ఉంది. ఆదివారం తుప్పుకు బిగుసుకుపోయిన పాత ప్యాడును సుత్తితో కొట్టి తీసేటప్పుడు తగిలిన దెబ్బ అది. వేలితో వెనక్కి వంచితే చప్పుడు పోయింది. పని పది నిమిషాల్లో అయిపోయింది.

చక్రం తిరిగి పెట్టబోతూ కుర్రాడు క్యాలిపర్ కింది బోల్టు పట్టుకున్నాడు. అది స్పానర్ లేకుండానే తిరిగింది. ఆదివారం చేత్తో ఎక్కించి, బిగించడానికి స్పానర్ తీసుకునేలోపు ఫోను మోగింది. మాట్లాడి వచ్చాక పని అక్కడి నుంచి కాకుండా తర్వాతి మెట్టు నుంచి సాగింది. మూడు రోజులు ఆ బోల్టు చిన్న టక్కు కూడా అనలేదు. వంగిన రేకు అరవకపోతే ఆ చక్రాన్ని ఇప్పట్లో ఎవరూ విప్పేవారు కాదు.

తన పని తాను చేసుకోవాలన్న మాటను ఈ శీర్షిక వెనక్కి తీసుకోవడం లేదు. ఒక్కడే కూర్చుని చేయాలని ఇన్నేళ్లు రాసిన ముక్కను మాత్రం, బ్రేకుల వరకు, కొట్టివేస్తోంది. ఆ రాత్రి కుర్రాడు సర్వీసు మాన్యువల్లోని బిగింపు అంకె పైకి చదివాడు, కాలమిస్టు టార్క్ రెంచ్‌తో నాలుగు క్యాలిపర్ బోల్టులూ బిగించాడు. బిగించిన ప్రతి బోల్టు తల మీద కుర్రాడు తెల్ల రంగుతో గీత పెట్టాడు. గురువారం గాజువాక ఆటోనగర్‌లో ఒక మెకానిక్ ఆ గీతలను, రెండు చక్రాలను ఇంకోసారి చూశాడు.