గాలివాన మర్నాడు పనికొచ్చే యంత్రం

చాట్రాయి, నూజివీడు మామిడి తోటల్లో రసాలు పండే మే నెలలోనే గాలివానలూ వస్తాయి. ఒక్క రాత్రి గాలికి చెట్ల కింద పచ్చికాయ పరుచుకుంటుంది. రాలిన కాయకు ధర ఉండదు. ఒరుగులు పెడదామంటే ఎండా ఉండదు. సగం ఆరిన తాండ్ర తడిస్తే బూజు పడుతుంది. ఇంటికి డీహైడ్రేటర్, అంటే వేడిగాలితో ఆరబెట్టే యంత్రం, కొనాలంటే ఇలాంటి రోజులను తలచుకుని కొనాలని నా అభిప్రాయం.

అంగట్లో ముందు ట్రేలెన్నో చెబుతారు. నేను ఫ్యాను ఎక్కడుందో చూస్తాను. అడుగున ఉంటే వేడిగాలి కింది ట్రేల తేమ పట్టుకుని పైకి వెళ్తుంది. కింద ముందు ఎండుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. ట్రేలు మారుస్తూ కూర్చోవాలి. వెనక వైపు ఫ్యాను ఉన్న పెట్టెలో గాలి ప్రతి ట్రే మీదుగా అడ్డంగా వీస్తుంది. అదే మేలు.

వేడిని డిగ్రీల్లో అమర్చుకునే వీలు తప్పనిసరి. కరివేపాకుకు 35 నుంచి 40 డిగ్రీలు చాలు. మామిడి ముక్కలకు, తాండ్రకు 55 నుంచి 60 కావాలి. తొందరపడి వేడి పెంచితే ముక్క పైన గట్టిపడి, తేమ లోపలే చిక్కుకుంటుంది. ఎండినట్టే కనిపించిన ఆ ఒరుగు డబ్బాలో బూజు పడుతుంది.

తాండ్ర పోసేవాళ్లు ట్రేలతో పాటు సిలికాన్ షీట్లు వస్తాయో లేదో అడగాలి. జల్లెడ ట్రేలో రసం నిలవదు. చిన్నరసాల గుజ్జును పీచు లేకుండా వడకట్టి, అర సెంటీమీటరు మించకుండా పోయాలి. వేలితో నొక్కితే జిగురు అంటకుండా, షీటు నుంచి పొరగా లేచి వస్తే ఆరినట్టు.

కరెంటు ఖర్చూ లెక్కలోకి తీసుకోవాలి. 500 వాట్ల యంత్రం పది గంటలు పూర్తి బలంతో నడిస్తే 5 యూనిట్లు. అందుకే వడియాలు, మాగాయి ముక్కలు, ఊరమిరపకాయలు డాబా మీదే ఎండబెట్టండి. గాలివానకు కరెంటూ పోతుంది కాబట్టి, అది నిలకడగా వచ్చాకే కాయను ముక్కలుగా కోయండి.

ఏడాదికి ఒకటి రెండు బుట్టలు కొనుక్కునే ఇంటికి ఎండే చాలు. సొంత చెట్లున్నవాళ్లు మాత్రం వెనక ఫ్యాను, డిగ్రీల మీట, షీట్లు మూడూ ఉన్నదే కొనండి. రాలిన కాయను మట్టిపాలు చేయకండి.